గవర్రాజు పవర్నామా

పంపన గవర్రాజు ఎవరని ఆకులవరంలో అడిగితే ఎవరూ చెప్పలేరు. సాక్షి గవర్రాజు అంటే మాత్రం చంటిపిల్లలు కూడా రిజిస్ట్రారాఫీసు వైపు చెయ్యి చూపిస్తారు. ఆ ఆఫీసు గేటు పక్కన, దస్తావేజు లేఖరులు కూర్చునే రేకుల షెడ్డులో, ఒక కాలు పొట్టిదైన బల్ల మీద ముప్పై ఒక్కేళ్లుగా కూర్చుని, వచ్చినవాడికల్లా సాక్షి సంతకం పెట్టడం అతని వృత్తి. అమ్మేవాడి మొహం చూడడు, కొనేవాడి పేరడగడు. “వీరు నాకు చిరకాలముగా తెలిసినవారు” అని లేఖరి రాసిపెట్టిన వాక్యం కింద తన పేరు రాసి, చివరి కొమ్ముని బారెడు సాగదీసి, దాని కింద రెండు చుక్కలు పెడతాడు. సంతకానికి ఇరవై రూపాయలు, ఒక టీ. స్థలం పెద్దదైతే టీతో పాటు గారె.

దీన్ని ప్రభుత్వం ఉద్యోగమని ఒప్పుకోదు. కాని గవర్రాజుకి జ్వరమొచ్చి రాకపోతే ఆ రోజు ఆకులవరంలో సెంటు భూమి కూడా అమ్ముడుపోయేది కాదు.

అలాంటి గవర్రాజుకి యాభై తొమ్మిదో ఏట గుండెలో ఒక వాల్వు పాడైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి, “వచ్చే నెల పద్దెనిమిదిన ఆపరేషను. పదో తారీఖు దాటకుండా వచ్చి చేరండి. ఆ తేదీ తప్పిస్తే మాత్రం నేను పూచీ పడను” అన్నాడు.

డబ్బు లేక కాదు ఇబ్బంది. తండ్రి వాటాగా వచ్చిన కొబ్బరితోట అమ్మి గవర్రాజు తన పేరున బ్యాంకులో ఐదేళ్ల డిపాజిట్టు వేసుకున్నాడు. దాని గడువు పదిహేడో తారీఖు. ఆనాటికి తాను ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. గడువుకి ముందే తీయాలంటే హెడ్డాఫీసు అనుమతి కావాలన్నాడు మేనేజరు. ఆ అనుమతి రావడానికి రెండు నెలలు పడుతుందని కూడా ఎంతో మర్యాదగా చెప్పాడు.

“మరి నా బదులు మా ఆవిడొచ్చి తీసుకోవచ్చాండీ?”

“నిక్షేపంలా తీసుకోవచ్చు. మీకేదైనా అయితే ఎలాగూ నామినీ ఆవిడే, ఒక్క సంతకం, పది నిమిషాల పని. కాని మీరు బతికున్నారు కాబట్టి, మీ బదులు సంతకం చేసే హక్కిస్తూ ఆవిడ పేర పవర్నామా కావాలి. రాసి, రిజిస్టరు చేయించి తెండి.”

గవర్రాజుకి నవ్వొచ్చింది. ఊళ్లోవాళ్ల పవర్నామాలన్నింటి మీదా తన సంతకముంది. తన పవర్నామాకి ఎంతసేపు? ఇంటికెళ్లి భార్య వరాలమ్మతో అదే మాటన్నాడు. “ఆఫీసోళ్లంతా నీ మనుషులే కదయ్యా, ఒక్క పూటలో అయిపోద్ది” అని ఆవిడ కూడా నిశ్చింతగా ఆసుపత్రికి చీరలు సర్దుకుంది.

ఆకులవరానికి రెండు నెలల కిందటే ముకుందరావు గారని కొత్త సబ్‌రిజిస్ట్రారు వచ్చారు. లంచం పుచ్చుకోరు. పుచ్చుకుంటే ఊరు కొంత బాగుపడేది. ఆయనకున్న దురలవాటు ఒక్కటే. అచ్చయిన ప్రతి వాక్యాన్నీ నమ్ముతారు. ఆ వారమే పైనుంచి ఒక సర్క్యులరు దిగింది. ఎక్కడో ఎవడో దొంగ సంతకంతో పవర్నామా పుట్టించి ఇంకెవరి ఇల్లో అమ్మేసుకున్నాడట. దొంగని పట్టుకోవడం పోలీసుల పని కాబట్టి, రిజిస్ట్రేషన్ల శాఖ తన వంతుగా దొంగతనం జరగనివాళ్లందరినీ పట్టుకుంది.

“పవర్నామాల విషయమై, జీవించియున్న ఏ వ్యక్తి చేయు ఏ సంతకమైనను ఇద్దరు సాక్షుల సమక్షమున చేయబడినదై యుండవలెను. లేనియెడల సదరు సంతకము లేనట్లే భావింపబడును.”

గవర్రాజు షెడ్డులోంచి ఇద్దరు లేఖరులను వెంటబెట్టుకుని లోపలికెళ్లాడు. తాను సంతకం పెట్టాడు. వాళ్లిద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు. ముకుందరావు గారు కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసి, సర్క్యులరు చూసి, మళ్లీ కాగితం చూశారు.

“ఈ సంతకాలకు సాక్షులెవరు?”

“ఈళ్లే కదండీ సాక్షులు.”

“వీరు మీ సంతకమునకు సాక్షులు. వీరు చేసినవి మాత్రం సంతకములు కావా?”

“సంతకాలేనండి.”

“వీరు జీవించియున్నారా?”

గవర్రాజు వెనక్కి తిరిగి వాళ్లిద్దరినీ చూశాడు. “ఉన్నారండి. ఇప్పుడే టీ తాగొచ్చారు.”

“అయినచో నిబంధన వీరికీ వర్తించును. ఒక్కొక్కరి సంతకమునకు ఇద్దరేసి చొప్పున నలుగురిని ప్రవేశపెట్టండి.”

“అప్పుడా నలుగురికీ...?”

“ఎనమండుగురు. చట్టమునకు పక్షపాతము ఉండదు.”

“మరిది ఎక్కడాగుద్దండి బాబూ?”

ముకుందరావు గారు కళ్లజోడు తీసి నిదానంగా తుడుచుకున్నారు. “ఎక్కడ ఆగవలెనో సర్క్యులరులో లేదు. లేనిదానిని నేను చేర్చినచో అది అధికార దుర్వినియోగము.”

పక్క బల్ల దగ్గర సీనియర్ అసిస్టెంటు పరంజ్యోతి తల ఊపాడు. పై అధికారి ఏమన్నా తల ఊపడంలో అతనికి ఇరవై రెండేళ్ల సర్వీసుంది.

గవర్రాజు బయటికొచ్చి వేళ్లు మడిచి లెక్కేసుకుంటే ఒళ్లు చల్లబడింది. ఆ రోజు ఒకటో తారీఖు. పదో తారీఖు పొద్దున్నే రైలు. గుండె చూస్తే మెట్లెక్కద్దంటోంది. అయినా మనిషికి ధీమా ఉంది. ఈ ఊళ్లో ఎవరి ఇంటి కాగితం తీసినా కింద తన రెండు చుక్కలున్నాయి. అంతమందికి తాను నిలబడ్డాడు, తనకోసం నిలబడరా?

నిలబడ్డారు. అది చెప్పుకోవాలి. మొదటిరోజు నలుగురు, తర్వాత ఎనమండుగురు, మర్నాటికి అరవై నలుగురు. కల్లుపాకల వాళ్లు, చేపల మార్కెట్టు వాళ్లు, హైస్కూలు మేష్టర్లు, రైసుమిల్లు కూలీలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని లైనులో నిలబడ్డారు. నాలుగో రోజుకి లైను గేటు దాటి, సినిమాహాలు దాటి, మార్కెట్టు చుట్టి మళ్లీ ఆఫీసు వెనకగోడ దగ్గర తేలింది. వీధిలో పోతున్న పెళ్లి ఊరేగింపు ఆగిపోయి, బాసికం కట్టిన పెళ్లికొడుకు కారు దిగొచ్చి సంతకం పెట్టి వెళ్లాడు. వాడి తాతగారి వీలునామాకి గవర్రాజే సాక్షి.

ఆఫీసు కూడా తన బాధ్యత మరిచిపోలేదు. గేటు ముందు షామియానా వేయించి “సాక్షి సేవా కేంద్రము” అని బోర్డు కట్టారు. టోకెన్లు పెట్టారు. ఒకరి సంతకం పక్కవారు కళ్లారా చూస్తున్నదీ లేనిదీ కనిపెట్టడానికి ఒక అటెండరుని స్టూలెక్కించి నిలబెట్టారు. ఒక ముసలాయన తన వెనకవాడు సంతకం చేసే క్షణంలో తుమ్మి కళ్లు మూసుకున్నాడు. ఆ వరసలో నూట ఇరవై ఎనిమిది సంతకాలు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టారు. జిల్లా అధికారి ఒకాయన వచ్చి షామియానా కింద మజ్జిగ తాగి, “ఒక సామాన్యుని పవర్నామాకై యావత్తు పట్టణము కదలివచ్చుట ప్రజా భాగస్వామ్యమునకు నిదర్శనము” అని ఉపన్యసించారు. ఫొటోలో గవర్రాజుకి కూడా చోటిచ్చారు. ఆయాసం వల్ల నోరు తెరుచుకుని ఉన్నాడు గాని, చూసినవాళ్లకి ఆనందంతో అలా ఉన్నాడనిపించింది.

ఏడో తారీఖు సాయంత్రానికి సంతకాలు ఎనిమిదివేల నూట తొంభై అయ్యాయి. పరంజ్యోతి పుస్తకం మూసి లేచి నిలబడ్డాడు.

“సార్, తర్వాతి వరసకి ఎనిమిదివేల నూట తొంభై ఇద్దరు సాక్షులు కావాలి. ఓటర్ల జాబితా ప్రకారం ఊళ్లో ఇంకా సంతకం పెట్టనివాళ్లు ఏడు వందల మంది కూడా లేరు.”

“పెట్టినోళ్లే మళ్లీ పెడితే కుదరదాండీ?” అన్నాడు గవర్రాజు.

“తన సాక్షికి తానే సాక్షి యగుట నైతికము కాదు.”

“పక్క ఊరోళ్లని తెచ్చుకుంటానండి.”

“సాక్షి స్థానికుడై యుండవలెను.”

“మరి ఊళ్లో జనం లేకపోతే నేనేం చెయ్యనండీ?”

“జనాభా కొరత ఈ కార్యాలయ పరిధిలోని అంశము కాదు” అన్నారు ముకుందరావు గారు. ఆ మాట ఆయన జాలిగానే అన్నారు. అదే మంట.

బయట చీకటి పడకముందే పరంజ్యోతి షెడ్డు దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, బీరువాలోంచి తీసిన పాత మాన్యువలు ఒకటి గవర్రాజు ఒళ్లో పెట్టాడు. తెల్లవాళ్ల కాలం నాటిది. అందులో ఒక నియమం ఉంది. సంతకం రానివాళ్లు వేసే వేలిముద్రని నిశానీ అంటారు. అది అధికారే దగ్గరుండి వేయించుకుంటాడు కాబట్టి దానికి వేరే సాక్షి అక్కర్లేదు. పైగా వేలిముద్రని ఎవరూ కాపీ కొట్టలేరు కాబట్టి ఒక నిశానీ రెండు సంతకాలతో సమానం.

“అంటే అక్షరమ్ముక్క రాని మనిషి ఒక్కడు దొరికితే...”

“నీ పని అయిపోయినట్టే.”

“మరి ఈ ఎనిమిదివేల మందీ?”

“వాళ్ల సేవలు రికార్డులో ఉంటాయిలే” అన్నాడు పరంజ్యోతి.

గవర్రాజుకి వెంటనే ఇడ్లీ బుల్లెమ్మ గుర్తొచ్చింది. ఆఫీసు ఎదురుగా నలభై ఏళ్లుగా ఇడ్లీలు వేస్తున్న మనిషి. ఎవరెన్ని తిన్నారో గోడ మీద బొగ్గు గీతలతో గుర్తుపెట్టుకుంటుంది. సంతకం రాదు కాబట్టి సాక్ష్యాల లైనులోకి కూడా రాలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

ముకుందరావు గారు బుల్లెమ్మని చూడలేదు. ఆవిడ తల మీదుగా గోడ వైపు చూశారు. అక్కడ ఒక ఇత్తడి షీల్డు వేలాడుతోంది. ఆరేళ్ల కిందట, నూటికి నూరు శాతం అక్షరాస్యత సాధించిన పట్టణంగా ఆకులవరానికి వచ్చిన షీల్డది. పేరు రాయడం వస్తే అక్షరాస్యులే అని ఆ రోజుల్లో లెక్క.

“ఆకులవరములో నిరక్షరాస్యులు లేరు” అన్నారాయన.

“నాకు రాదు బాబూ. ఒట్టు. బడి గుమ్మం తొక్కలేదు నేను” అంది బుల్లెమ్మ.

“రాదని తమరు భావించుచున్నారు. రికార్డు ప్రకారము వచ్చును.”

“రానట్టు కాగితమేదైనా తెచ్చుకుంటే ఒప్పుకుంటారాండీ?” అన్నాడు గవర్రాజు.

“తప్పకుండా. నిరక్షరాస్యతా ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసుకొనవచ్చును. దరఖాస్తు క్రింద అభ్యర్థి సంతకము తప్పనిసరి.”

ఇంతలో కబురందుకుని అక్షరాస్యత అధికారి కమలాకరం గారు పెద్ద రిజిస్టరు చంకన పెట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చారు. ఆ షీల్డు మీదే ఆయనకి రెండు ప్రమోషన్లొచ్చాయి. రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూపించారు. “ఇదిగో! వరస సంఖ్య నూట నలభై. బుల్లెమ్మ, వృత్తి ఇడ్లీలు. పక్కన ఆమె స్వహస్తాలతో చేసిన సంతకం. ఇంకేం కావాలి?”

గవర్రాజు వంగి చూశాడు. అక్షరాలు కావాలని వంకర తిప్పినట్టున్నాయి. కాని కింద రెండు చుక్కలు పొందిగ్గా పక్కపక్కన కూర్చున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట, మర్నాడే తనిఖీ అనగా, బళ్లోకి రాని ముసలీముతకా రెండు వందల పన్నెండు మంది మిగిలిపోయారని కమలాకరం గారి మనిషి షెడ్డుకొచ్చాడు. సంతకానికి రెండు రూపాయల చొప్పున గవర్రాజు ఒక్క మధ్యాహ్నంలో అందరినీ అక్షరాస్యులను చేసేశాడు. ఒకే చేతిరాతలా ఉండకూడదని సగం ఎడమచేత్తో గీశాడు. చుక్కలు మాత్రం అలవాటు కొద్దీ పడిపోయాయి. పెన్ను దించినప్పుడల్లా పడేవే, తన చెయ్యి తన మాట విన్నదెప్పుడు?

సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. బుల్లెమ్మ వైపు చూడలేక షీల్డు వైపు చూస్తూ అన్నాడు. “అయ్యా, అది బుల్లెమ్మ సంతకం కాదండి. నేను పెట్టిందండి. అదొక్కటే కాదు, రెండు వందల పన్నెండూ నేను పెట్టినవేనండి. తప్పయిపోయింది. ఏ శిక్షేసినా పడతాను. ఈవిడ వేలిముద్ర మాత్రం తీసుకోండి.”

ఫోర్జరీ చేశానని ఒప్పుకున్నా ఎవరూ ఉలిక్కిపడలేదు. కమలాకరం గారు మాత్రం రిజిస్టరు మూసి దాని మీద కూర్చున్నంత పని చేశారు. “ఆ మాట మళ్లీ అనకండి! షీల్డు వెనక్కి పంపాలంటే ఏ శాఖకి పంపాలో కూడా ఎవరికీ తెలీదు!”

ముకుందరావు గారు తెల్లకాగితం ఒకటి గవర్రాజు ముందుకి జరిపారు. “తమ ఒప్పుకోలును లిఖితపూర్వకముగా ఇచ్చినచో పరిశీలింపబడును. క్రింద సంతకము చేయండి.” ఒక క్షణం ఆగి జ్ఞాపకం చేశారు. “ఇద్దరు సాక్షుల సమక్షమున.”

బుల్లెమ్మకి అక్షరం రాదన్న రహస్యం బయటపడ్డాక ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆ మధ్యాహ్నమే ఇడ్లీ కొట్టు ముందు జీపు ఆగింది. పలకలు, బలపాలతో ముగ్గురు బోధకులు దిగారు. పొయ్యి ఆర్పించారు. పిండి పులిసిపోతోందని ఆవిడ మొత్తుకుంటుంటే, “దేశం ముందు పిండి ఎంతమ్మా” అని కమలాకరం గారు సముదాయించారు. చెయ్యి పట్టి దిద్దించారు, పాట కట్టి పాడించారు. ఆఫీసుకి పనిమీదొచ్చినవాళ్లు ఆకలితో తిరిగిపోయారు. ఆరేళ్లు ఎవరికీ గుర్తురాని బుల్లెమ్మ ఒక్క రోజులో జిల్లా యంత్రాంగానికి అంత ముద్దొచ్చింది.

తొమ్మిదో తారీఖు సాయంత్రం గవర్రాజు బల్ల మీద ఒరిగి ఊపిరి తీసుకుంటుంటే, బుల్లెమ్మ మెడలో బంతిపూల దండతో, చేతిలో పలకతో పరుగులాంటి నడకతో వచ్చింది.

“గవర్రాజూ, సూడయ్యా! నా పేరు నేనే రాసేను! డెబ్బయ్యేళ్లొచ్చేయి, నా పేరు ఇలాగుంటదని నాకు తెల్దు!”

పలక మీద పెద్దపెద్ద అక్షరాలు. ఆవిడ కళ్లలో నీళ్లు. ఆరేళ్ల కిందటి ఆ రెండు వందల పన్నెండు మందిలో మిగతావాళ్లు కొందరు కాలం చేశారు, కొందరిని ఆ జీపే చుట్టబెట్టింది. ఆకులవరంలో మిగిలిన ఆఖరి వేలిముద్ర అలా చెరిగిపోయింది. కసురుకుందామని నోటిదాకా వచ్చింది గాని, ఆ మొహం చూసి ఎవడు కసురుకోగలడు? “చాలా బాగుందమ్మా. నా సంతకం కన్నా బాగుంది” అని గవర్రాజు లేచి మెల్లగా ఇంటిదారి పట్టాడు.

వరాలమ్మ విషయమంతా విని ఆఫీసునీ, అందులో కుర్చీలనీ, కుర్చీల్లో మనుషులనీ కలిపి తిట్టింది. తిట్టి తిట్టి ఏడ్చింది.

“వరాలూ, నేను పోతే పది నిమిషాల పనిట. మేనేజరు చెప్పేడు.”

“నోర్ముయ్!”

“అది కాదే. బతికున్నోడి డబ్బుకి ఎనిమిదివేల సంతకాలు చాల్లేదు. చచ్చినోడి డబ్బుకి నీ ఒక్క సంతకం చాలంట. మున్సిపాలిటీలో చావు కాగితం ఒక్కటి పుట్టిస్తే గడువు కూడా చూడరంట.”

ఆవిడకి అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక చెయ్యి తనంతట తానే నుదుటి మీదికి పోయింది. “నీ కోసం ఏ చాకిరైనా చేత్తాను. ఇల్లిల్లూ తిరిగి అంట్లు తోమమను, తోముతాను. ఈ బొట్టు మాత్రం చెరపను. ఇంకోపాలి ఆ మాటనకు.”

“పద్దెనిమిది దాటితే శాశ్వతంగా చెరుపుకోవాలే. ఇప్పుడైతే ఒక్క పూట.”

వరాలమ్మ ఆసుపత్రికి సర్దిన చీరల్లోంచి ఒక వెలిసిపోయిన చీర తీసి పక్కన పెట్టుకుంది.

మర్నాడు రైలు మానుకుని ఇద్దరూ మున్సిపల్ ఆఫీసుకెళ్లారు. జనన మరణాల కౌంటరులో గుమస్తా తల ఎత్తకుండా పోయినవారి పేరు, తండ్రి పేరు, పోయిన తేదీ అడిగి రాసుకున్నాడు. వరాలమ్మ మొహం నిండా కొంగు కప్పుకుని చెప్పింది. ఏ ఆటంకమూ లేకుండా గవర్రాజు చనిపోయాడు.

“పోయినాయన్ని గుర్తించినవాళ్లెవరైనా ఉన్నారా? ఒక సాక్షి సంతకం కావాలి” అన్నాడు గుమస్తా.

వెనకాల నిలబడ్డ గవర్రాజు ముప్పై ఒక్కేళ్ల అలవాటు కొద్దీ అడుగు ముందుకేసి జేబులోంచి కలం తీశాడు. వరాలమ్మ గుడ్లప్పగించి చూస్తుండగానే, “వీరు నాకు చిరకాలముగా తెలిసినవారు” అన్న అచ్చు వాక్యం కింద పంపన గవర్రాజు అని రాసి, కొమ్ము సాగదీసి, రెండు చుక్కలు పెట్టాడు. రాస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. ఇన్నేళ్లలో ఆ వాక్యం కింద తాను నిజంగా ఎరిగున్న మనిషి పేరు చూడటం ఇదే మొదటిసారి. గుమస్తా ఆ సంతకం వైపు చూడలేదు. సంతకాలు చూసేవి కాదు, ఉండాల్సినవి. సీలు కొట్టి కాగితం చేతిలో పెట్టాడు.

బ్యాంకు మెట్ల దగ్గర వరాలమ్మ ఆగిపోయింది. పైట చెంగు తడిపి, గోడవైపు తిరిగి, నుదురు తుడుచుకుంది. తుడుచుకున్న చెంగుని మడిచి బొడ్లో దోపుకుంది. గవర్రాజు ఎదురుగా టీకొట్టు వెనక్కి పోయి నిలబడ్డాడు. అతనికి ఆ రోజు నిజంగానే చచ్చినంత పనైంది.

లోపల మేనేజరు కాగితాలు చూసి లేచి నిలబడ్డాడు. “అయ్యో! మొన్ననే కదమ్మా వచ్చి వెళ్లారు. పాపం, పవర్నామా దాకా కూడా ఆగలేకపోయారన్నమాట.” వరాలమ్మ బావురుమంది. అది నటన కాదు. కౌంటరులో అమ్మాయి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఒక్క సంతకం. పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆవిడ రోడ్డు దాటి వచ్చేసరికి గవర్రాజు కిరాణా కొట్లో కొన్న కుంకుమ పొట్లం విప్పి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నడిరోడ్డు మీద, టీ తాగేవాళ్లు చూస్తుండగా, ఆవిడకి బొట్టు పెట్టాడు. ఇద్దరూ ఆ సాయంత్రం బండెక్కారు.

పద్దెనిమిదిన ఆపరేషను బాగా జరిగింది. ఆసుపత్రివాళ్లు అతను బతికున్నాడా లేదా అని ఏ కాగితమూ అడగలేదు. డబ్బు కట్టినవాడు బతికున్నవాడే అని అక్కడ స్థూలంగా ఒక లెక్క.

మూడు నెలలకి గవర్రాజు మళ్లీ షెడ్డుకొచ్చి తన పొట్టికాలు బల్ల మీద కూర్చున్నాడు. బుల్లెమ్మ సంతోషం పట్టలేక నాలుగిడ్లీలు పెట్టి గోడ మీద గీతకి బదులు తన పేరు రాసింది. కబురు లోపలికి పోయింది. ముకుందరావు గారు పిలిపించారు. బల్ల మీద గవర్రాజు పవర్నామా ఫైలుంది. దాని మీద ఎర్రసిరాతో “రాసి యిచ్చువారు మరణించినందున మూసివేయడమైనది” అని ఉంది.

“తమరు మరణించినారు!”

“ఆయ్.”

“ఇది ఘోరమైన నేరము. సంజాయిషీ రాసి సంతకము చేయండి.”

“చేస్తానండి. సాక్షులెవరండీ?”

అప్పటికి ఆ ఆఫీసులో నూట అరవై పవర్నామాలు జనాభా చాలక పేరుకుపోయి ఉన్నాయి. పైనుంచి రోజుకో తాఖీదు. ముకుందరావు గారు బరువు కూడా తగ్గారు. పరంజ్యోతి లేచి వచ్చి సర్క్యులరు మొదటి వాక్యం కింద గోరుతో గీత గీసి, చెవిలో అన్నాడు. “సార్, జీవించియున్న వ్యక్తి సంతకానికే కదా సాక్షులు కావాలి?”

ముకుందరావు గారు ఆ వాక్యం మూడుసార్లు చదివారు. తర్వాత గవర్రాజుని ఎగాదిగా చూశారు. ఆయన మొహంలో ఆ ఊరొచ్చాక మొదటిసారి చిరునవ్వు లాంటిది కనిపించింది. మరణించిన వ్యక్తి సాక్షిగా సంతకం చేస్తే ఆ సంతకానికి మళ్లీ సాక్షులు అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల చోటా ఒకే మృతుడు సంతకం చేయకూడదని ఎక్కడా లేదు కాబట్టి వరస అక్కడితో ఆగిపోతుంది. అచ్చులోనే ఉంది.

ఆ ఒక్క రోజే పదకొండు పవర్నామాలు రిజిస్టరయ్యాయి. నెలాఖరుకి ఒక్కటీ మిగల్లేదు. పెండింగు లేని కార్యాలయమని ముకుందరావు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. గవర్రాజుకి షెడ్డులోంచి లోపలికి మార్పు, ఫ్యాను కింద కుర్చీ, వెనక గోడకి “మృత సాక్షి” అని చిన్న బోర్డు. పక్క ఊళ్ల ఆఫీసులవాళ్లు కూడా తమకొక మనిషిని ఎలా సంపాదించుకోవాలో కనుక్కోవడానికి వచ్చి పోతున్నారు.

ఒకసారి గవర్రాజు అదను చూసి అడిగాడు. “అయ్యా, నన్ను మళ్లీ బతికించే కాగితం సంగతండీ?”

“దానికి మీరు దరఖాస్తు చేయవలెను. జీవించియున్నట్లు నిరూపించుకొను దరఖాస్తు కాబట్టి మీ సంతకమునకు ఇద్దరు సాక్షులు, వారికి...” ముకుందరావు గారు ఆగి, కళ్లజోడు తీశారు. “కార్యాలయ ప్రయోజనముల దృష్ట్యా ప్రస్తుత స్థితిలోనే కొనసాగవలసినదిగా కోరడమైనది.”

గవర్రాజు కొనసాగుతున్నాడు. ఆపరేషనుకి పోగా మిగిలిన డబ్బు వరాలమ్మ పేరున బ్యాంకులోనే ఉంది. మందులకని ప్రతి నెలా ఒకటో తారీఖున ఆవిడ వెళ్లి కొంత తెచ్చుకోవాలి. ఆ మెట్ల దగ్గర ఆగి, గోడవైపు తిరిగి, నుదురు తుడుచుకుని లోపలికి వెళుతుంది. కౌంటరులో అమ్మాయి ఇప్పటికీ ఆవిడకి ముందు కుర్చీ వేసి, “ధైర్యంగా ఉండాలి ఆంటీ” అంటుంది. గవర్రాజు ఎదురుగా టీకొట్టు వెనక నిలబడతాడు. ఇదివరకు అతని చొక్కా జేబులో కలం ఒక్కటే ఉండేది. ఇప్పుడు దాని పక్కన కుంకుమ పొట్లం కూడా ఉంటుంది.